లంగరుకు పోయే తొవ్వ

"నాకు మనుషులు యాదికున్నరు సారూ. ఇండ్లు యాదికున్నయి. ఎవరింట్ల మెట్లు జారుతయో, ఎవరింట్ల కుక్క కరుస్తదో అన్నీ యాదికున్నయి. తొవ్వలే పోయినయి. బయటికి అడుగు పెడితే చాలు, ఎడమేందో కుడేందో దేవునికెరుక. ఎవడో వచ్చి బోయిగూడను ఎత్తి, తిరగేసి పెట్టిపోయినట్టు అనిపిస్తది."

"తిరగేసింది నీ బుర్రను. బోయిగూడ ఉన్నకాడనే ఉన్నది," అంది పుష్పమ్మ.

పద్మారావు నగర్‌లో ఉదయ్ భాస్కర్ రిపేరు దుకాణం అది. బల్ల మీద పుష్పమ్మ తెచ్చిన మిక్సీ విప్పి ఉంది. ఎదురుగా స్టూలు మీద భద్రయ్య, అతని చొక్కా అంచు పట్టుకుని పక్కనే అతని భార్య. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంచుకుని ఉదయ్ వింటున్నాడు. అతను కాకినాడ మనిషి. చదువు పదో తరగతితో ఆగిపోయింది, పని మాత్రం పాడైన రేడియోలు విప్పి చూసుకుంటూ తనే నేర్చుకున్నాడు. ఏ వస్తువైనా పాడవక ముందు ఎలా నడిచేదో తెలిస్తే గాని బాగుచేయలేమని అతని నమ్మకం. మనుషుల దగ్గరా అదే అలవాటు, మొదటినుంచీ చెప్పమంటాడు.

"మొదట్నుంచీ చెప్పండి భద్రయ్యగారూ. ఏం పని చేసేవారు?"

ఆ ప్రశ్నకు భద్రయ్య వీపు నిటారుగా అయింది.

ముప్పై ఏళ్ల పైచిలుకు అతను బోయిగూడ, బన్సీలాల్‌పేట్ ఇళ్లకు వంటగ్యాసు సిలిండర్లు వేశాడు. మొదట్లో సైకిలుకు అటొకటి ఇటొకటి వేలాడదీసి, తర్వాత ట్రాలీ ఆటోలో. ఆటో దూరని గల్లీలో భుజమ్మీద. గల్లీ మొగదాల నిలబడి పానాతో సిలిండర్ మీద టంగుమని కొడితే చాలు, ఆడవాళ్లు ఖాళీ సిలిండర్లు గడప దాకా దొర్లించుకుని వచ్చేవారు. సిలిండర్ భద్రయ్య అంటే తెలియని వంటిల్లు లేదు.

కిందటి వానాకాలంలో ఒక పొద్దున బ్రష్షు చేతిలోంచి జారిపోయింది. చిన్న పక్షవాతం. కాలు తిరిగొచ్చింది, చెయ్యి ముప్పాతిక వంతు తిరిగొచ్చింది.

"నోరు అన్నిటికన్న ముందుగాల వచ్చింది," అంది పుష్పమ్మ.

దిక్కులు గుర్తుపెట్టుకునే చోట మెదడుకు దెబ్బ తగిలిందనీ, అది ఎప్పుడు మానుతుందో చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. దాని అర్థం ఏమిటో పాల ప్యాకెట్టు కోసం వెళ్లిన రోజున తెలిసింది. తను వేయిసార్లు నడిచిన గల్లీలో నిలబడిపోయి, ఇల్లు ఎటుందో తెలియక గోడ పట్టుకున్నాడు. పాత గిరాకీ బుచ్చమ్మ చూసి, చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. సిలిండర్ భద్రయ్య తప్పిపోయిండంట అని సాయంత్రానికి గల్లీ అంతా పాకింది. మరోసారీ అలాగే జరిగాక పుష్పమ్మ అతని చెప్పులు తీసి సజ్జ మీద పెట్టేసింది. కొడుకు రాజు గ్రిల్లు గేటుకు వేయడానికి తాళం కొనుక్కొచ్చాడు. ఇంకా వేయలేదు. ఇంకోసారి తప్పిపోతే వేస్తానన్నాడు.

"ఎక్కడికి వెళ్లాలనిపిస్తుంది మీకు?" ఉదయ్ అడిగాడు.

"బన్సీలాల్‌పేట బాయి కాడికి." ఒక్క క్షణం ఆగకుండా వచ్చింది జవాబు, అక్కడి పాత మెట్లబావి గురించి. "నా చిన్నప్పుడు అండ్ల నీళ్లుండె. తర్వాత అంత చెత్త. మళ్ల మంచిగ చేసిండ్రు. అప్పటిసంది రోజు పొద్దుగాల పోయి చాయ్ తాగి, జెర కూసోని వచ్చేటోణ్ణి. గంతే."

"రాజు తోల్కపోతా అంటుండు గదా," అంది పుష్పమ్మ.

"ఒకరు తోల్కపోతే పోవుడెట్లయితది? గొర్లు సుత గట్లనే పోతయి."



ఫోనులోనే దారి చూసుకోవచ్చు కదా అని ఉదయ్ అన్నాడు. అదీ చూశారట. చేతి వేళ్లకు ఇంకా స్పర్శ సరిగా లేదు. అద్దం మీద ఎక్కడ తాకితే ఎవరికి ఫోను పోతుందో తెలియదు. బాయికి దారి చూసుకుందామని తీస్తే సిద్దిపేటలో వియ్యంకుడు లేచి, ఏమైంది బావా అంటూ కంగారు పడ్డాడు.

అప్పుడు ఉదయ్‌కి లోపలి గదిలో ఉన్న చేతి జీపీఎస్ గుర్తొచ్చింది. కాకినాడ హార్బరులో అతను వేటపడవల వైర్‌లెస్ సెట్లూ ఇలాంటి జీపీఎస్‌లూ బాగుచేసేవాడు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకుని, మనం ఎక్కడున్నామో చూపే మిషను. సిమ్ము అక్కర్లేదు. బిస్కెట్ ప్యాకెట్టంత లావు, చేతికి తగిలే గట్టి మీటలు, రెండు పెన్సిల్ సెల్లులు. నీళ్లలో పడినా బతుకుతుంది. ఎండలో కూడా తెర కనిపిస్తుంది. బావగారు పడవ అమ్మేసినప్పుడు ఒకటి అతని దగ్గరే ఉండిపోయింది.

బయటి అరుగు మీద నిలబడి వెలిగిస్తే కాసేపటికి ఆకాశం అందింది. తెర మీద నల్ల బాణం ఒకటి కనిపించింది. చుట్టూ ఏమీ లేదు. తెల్లకాగితం.

"మనమున్నకాడ ఏం లేదా సారూ?"

"ఇందులో ఉన్నది సముద్రం పటం అండి. ఎక్కడ ఎంత లోతో, లైట్‌హౌస్ ఎక్కడో చెబుతుంది. నేల వచ్చిందంటే దీనికి లోకం అయిపోయినట్టే."

భద్రయ్య ఆ తెల్లటి తెరను చాలాసేపు చూశాడు. "నాకు సుత బయటికి పోతే గిట్లనే కనవడ్తది," అన్నాడు మెల్లగా.

మిక్సీ పని ఆ పూటకు ఆగిపోయింది. నేలకు పనికొచ్చే పటం ఒకటి వెతికి ఇందులో ఎక్కించాలి. అంతే కదా అనుకున్నాడు ఉదయ్.

అంతే కాదని తర్వాతి ఆదివారాల్లో తెలిసింది. మొదట ఎక్కించింది డబ్బు పెట్టి కొనే రకం. చూడ్డానికి దర్జాగా ఉంది, రోడ్లన్నీ పసుపురంగులో లావుగా. బోయిగూడలో భద్రయ్య ఇంటి ముందు నిలబడి బాయికి దారి అడిగితే, మెయిన్‌రోడ్డు ఎక్కించి, ఎక్కడో యూటర్న్ తిప్పి, వన్‌వే తప్పించి ఊరంతా చుట్టబెట్టింది.

"నేనేమన్న లారీనా?" అన్నాడు భద్రయ్య. "గీ పక్క గల్లీలకెల్లి పోతే చాయ్ చల్లారక ముందే చేరుతం."

ఆ పక్క గల్లీ పటంలో లేదు.

రెండోది కొండలెక్కేవాళ్లు వాడేది. ఎత్తుపల్లాలన్నీ సన్నటి గోధుమరంగు గీతలతో చూపిస్తుంది. ఉదయ్‌కి ముచ్చటేసింది. పుష్పమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "బోయిగూడ మీద ఎవరో సేమ్యా పారబోసిండ్రు," అని లోపలికి వెళ్లిపోయింది. మన వీధి సముద్రం కన్నా ఎంత ఎత్తున ఉందో ఆ పటానికి తెలుసు. ఆ వీధిలోంచి బయటపడే సందు మాత్రం తెలియదు.

మూడోది ఉచితం. అందుకే ఉదయ్ దాన్ని చివరికి ఉంచాడు. కంపెనీ గీసింది కాదు. ఊరూరా ఎవరికి వాళ్లు తాము నడిచిన దారులు గీసి అందులో కలుపుతారు. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు. మెమరీ కార్డులో వేసి, మిషను వెలిగించి, బొమ్మ పెద్దది చేస్తూ పోయాడు. మెయిన్‌రోడ్డు వచ్చింది, దానిలోంచి గల్లీలు వచ్చాయి, గల్లీల్లోంచి సందులు. భద్రయ్య తెర మీద వంగి బొటనవేలు ఒక సన్నగీత పక్కన పెట్టాడు.

"గిది... బుచ్చమ్మ ఇంటెనక సందు గాదు?"

"అవునండి."

"గీ సందుల బండి పోదు సారూ. సిలిండర్ భుజమ్మీదనే పోవాలె, అది సుత పక్కకు తిరిగి." అతను తెర మీంచి తలెత్తాడు. "గిది కార్ల కూసోని గీసింది గాదు. గిది గీసినోడు నడిచిండు."

అలా పటం ఎంపిక అయిపోయింది. ఉదయ్ ఇంకో సవరణ చేశాడు. మామూలుగా పటంలో ఉత్తరం ఎప్పుడూ పైనే ఉంటుంది, మనిషే తిప్పుకుని అర్థం చేసుకోవాలి. భద్రయ్యకు కరవైంది ఆ తిప్పుకోవడమే. కాబట్టి మనిషి ఎటు తిరిగితే పటం అటే తిరిగేలా పెట్టాడు. ఎప్పుడు చూసినా ముందున్నది పైనే. ఒకటే షరతు, నిలబడితే బాణానికి దిక్కు తెలియదు. నాలుగడుగులు వేయాలి.

"మంచిదే," అన్నాడు భద్రయ్య. "నిలబడ్డోనికి తొవ్వ ఎవడు చెప్తడు?"

ఇక పేర్లు. ఆ మిషనుకు తెలుగు రాదు. తెలుగులో రాస్తే ఖాళీ డబ్బాలు వరుసగా కనిపించాయి. భద్రయ్యకు ఇంగ్లీషు రాదు. చివరికి బొమ్మలతో సరిపెట్టుకున్నారు. పడవల కోసం చేసిన మిషను కాబట్టి అందులో చేప, తెడ్డు, దీపస్తంభం లాంటి బొమ్మలు బోలెడు. ఎక్కడెక్కడ గుర్తు పెట్టమంటారని అడిగితే భద్రయ్య చెప్పుకుంటూ పోయాడు. బాయికి నీటిచుక్క. చాయ్ హోటలుకు కప్పు. మందుల షాపుకు ఎర్ర ప్లస్సు. "గురుద్వారా సుత పెట్టుండ్రి. మస్తు ఏండ్లు వాళ్ల వంటకు సిలిండర్లు ఏసిన. మంచోళ్లు." దానికి చెంచా, ముళ్లగరిట ఉన్న బొమ్మ.

ఇంటికి మాత్రం ఉదయ్ ఆలోచించనే లేదు. కాకినాడ పడవల మీద ఇంటి రేవుకు అందరూ పెట్టే గుర్తే పెట్టాడు. లంగరు.

"ఎంత దూరం పోయినా చివరికి ఆగేది అక్కడే కదండి. దారి తెలియకపోయినా, భయమేసినా, ఏం కంగారు పడకండి. లంగరు నొక్కండి. అదే తీసుకుపోతుంది."

భద్రయ్య ముఖం విప్పారింది. "లంగర్ నాకు తెల్వదా సారూ! ఎన్ని సిలిండర్లు ఏసిన!"

లంగరుకూ సిలిండర్లకూ ఏమిటి సంబంధమో ఉదయ్‌కి తట్టలేదు. సంతోషంలో ఉన్న మనిషి ఏదో అన్నాడులే అనుకున్నాడు. ఆ తర్వాత కొన్ని ఉదయాలు ఇద్దరూ కలిసి నడిచారు, భద్రయ్య ముందు, ఉదయ్ వెనక. పోయేటప్పుడు నీటిచుక్క భద్రయ్యే నొక్కేవాడు. వచ్చేటప్పుడు మాత్రం కబుర్లలో పడి ఉదయే నొక్కి చేతికిచ్చేవాడు.

పరీక్ష రోజున పుష్పమ్మ సజ్జ మీంచి చెప్పులు దించి గడప ముందు పడేసింది.

"ఒక్కసారే చెప్తున్న. నువ్వే పోయి నువ్వే వస్తే చెప్పులు నీయి. లేకుంటే రాజు తెచ్చిన తాళం నీది."

"దస్తీ ఇయ్యి," అన్నాడు భద్రయ్య. జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుని, మిషను తాడు మెడలో వేసుకుని గల్లీ మలుపు తిరిగాడు. వెనక్కి చూడలేదు.

పుష్పమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని గడపలో కూర్చుంది. ఉదయ్ మెట్టు మీద. వెంట వెళ్దామని అతను రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ ఆమె వద్దంది.

"నువ్వు ఎనకాల పోతే ఆయనకెరుకైతది అన్నా. ఇగ జన్మల నిన్ను నమ్మడు."

బాయి దగ్గర చాయ్ హోటలు నడిపే దయాకర్‌కు ఫోను చేస్తే, భద్రయ్య వచ్చాడనీ, చాయ్ తాగి, బాయి కాడ కూర్చుని వెళ్లిపోయి చాలాసేపయిందనీ చెప్పాడు. ఉదయ్ ముఖం చూడగానే పుష్పమ్మకు అర్థమైంది. ఈనెలు గిన్నెలో, కాయలు చెత్తలో వేస్తోంది. తాళం లోపల గూట్లో ఉంది. ఆమె కళ్లు అటే పోతున్నాయి.

"నేనే పంపిన," అంది కొంతసేపటికి. "తాళమేస్తే ఆ మనిషి బతకడని పంపిన. గిప్పుడు రాజుకు ఏం చెప్పాలె?"

ఉదయ్ స్కూటరు తాళం చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే అతని ఫోను మోగింది.

"జీ, ఈ మిషన్ ఎనక మీ నంబర్ రాసున్నది," అంది అవతలి గొంతు. "గురుద్వారా నుంచి మాట్లాడుతున్న. మా భద్రన్న ఇక్కడున్నడు. పరేషాన్ గావొద్దు, కూసోని రోటీ తింటుండు."

వాళ్లు వెళ్లేసరికి భద్రయ్య దస్తీ తలకు కట్టుకుని, వరుసలో చాప మీద కూర్చుని, పప్పులో రొట్టె ముంచుతున్నాడు. పక్కన గరిట పట్టుకుని తెల్లగడ్డం సర్దార్‌జీ. భార్యను చూసి భద్రయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు.

"వచ్చిండ్రా? కూసోండ్రి. ఇక్కడికొచ్చి వట్టిగ పోవద్దు."

"ఇంటికి రమ్మంటే ఇక్కడికెందుకొచ్చినవయ్యా?" పుష్పమ్మ గొంతులో కోపం ఉంది, కంట్లో ఇంకేదో ఉంది.

"నన్నడుగుతవేంది? సార్‌నే అడుగు. లంగర్ నొక్కుమన్నడు, నొక్కిన. గింత దూరమెందుకు అనుకున్న. మీరు సుత ఇక్కడికే వస్తరేమో అనుకున్న."

మిషను తీసి చూపించాడు. తెర మీద దారి గీత చెంచా, ముళ్లగరిట బొమ్మ దాకా వచ్చి ఆగింది.

ఉదయ్ నెత్తి పట్టుకున్నాడు. "లంగరంటే ఇది కాదండీ! ఇదిగో ఇది, కిందికి కొక్కేలున్న బొమ్మ. పడవను ఆపేది!"

"గిదా?" భద్రయ్య కళ్లు చిట్లించి చూశాడు. "గిది గాలం గాదు? నేను చేపలోళ్ల దుకాణమేమో అనుకున్న. లంగర్ అంటే," అంటూ కుడిచేత్తో ఆ వరుసనంతా, పొయ్యి మీది పెద్ద గిన్నెనీ, సర్దార్‌జీ గరిటెనీ చూపించాడు, "గిది. వచ్చినోళ్లందరికి బువ్వ పెట్టేది. గీ పట్నంల ఎవరినన్న అడుగు."

గరిటెలో పప్పు తొణికేలా నవ్వాడు సర్దార్‌జీ. "భద్రన్న సహీ చెప్పిండు సార్. మీ లంగర్ పానీల ఉంటది, మాది ఇక్కడుంటది."

నవ్వుతూనే ఉదయ్ మిషనులో వెనక్కి వెళ్లి, వచ్చిన దారి తీశాడు. నడిచిన మేరా చుక్కలు వేసి ఉంచుతుందది. బాయి దగ్గర మొదలైన చుక్కలు గల్లీల్లోంచి, పెద్ద రోడ్డు దాటి, మళ్లీ గల్లీల్లోంచి గురుద్వారా గేటు దాకా వచ్చాయి. ఒక్కచోటా వెనక్కి తిరగలేదు, తడబడలేదు. ఇంటికి పోయే దానికి రెండింతల దూరం. అతను నవ్వు ఆపి మిషనును పుష్పమ్మ ముందు పెట్టాడు.

ఆమె ఆ చుక్కల వెంట వేలు నడిపింది. "పెద్ద రోడ్డు సుత దాటినవా?"

"సిగ్నల్ పడ్డంక."

"ఎవరిని అడగలే?"

"ఎవరినడగాలె? బాణముండె గదా."

 పుష్పమ్మ వరుసలో కూర్చుని, తన చేతుల్లో పెట్టిన రొట్టె కళ్లకద్దుకుని తింది. బయటికి వచ్చేటప్పుడు అందరికన్నా ముందు నడిచి, చెప్పులు పెట్టేచోట వెతికి, భద్రయ్య చెప్పులు తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టింది.

"ఇగ సజ్జ మీద జాగ లేదు," అంది. "పచ్చడి జాడీలు పెట్టుకోవాలె."

సర్దార్‌జీ ఒక స్టీలు డబ్బా నిండా నేతి హల్వా పెట్టి ఇచ్చాడు.

పొద్దు వాలుతుండగా మళ్లీ ముగ్గురూ భద్రయ్య గడపలో కూర్చున్నారు. ముందు ఇంటి బొమ్మ మార్చాలి. ఉదయ్ ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. సముద్రంలో రాళ్లున్నచోట పెట్టుకునే పుర్రె బొమ్మ రాగానే భద్రయ్య చెయ్యెత్తి ఆపాడు.

"గిది పెట్టు. మా ఇంటామె కోపానికి సరిపోతది."

"పెట్టు అన్నా, పెట్టు. రేపటి సంది పొయ్యి సుత పుర్రెనే ఎలిగిస్తది," అంది పుష్పమ్మ.

చివరికి దొరికింది, పెట్రోలు పంపు బొమ్మ. చిన్న తెర మీద అచ్చం సిలిండర్‌లా ఉంది. భద్రయ్య దాన్ని వేలితో తడిమి, ఇదే అన్నాడు. తనే మీటలు నొక్కి, తనే వెతికి, తనే పెట్టాడు. రెండుసార్లు తప్పు పోయినా ఉదయ్ చేయి సాయం పెట్టలేదు.

"సారూ, ఒకటి అడుగుత," అన్నాడు. "గీ గల్లీలన్నీ గీసిండ్రు గదా. వాళ్లెవరు?"

"పేర్లు తెలియవండి. ఎవరో ఒకరు. చదువుకునే పిల్లలు కావచ్చు, ఉద్యోగస్తులు కావచ్చు."

"నన్నెరగరు. నేను వాళ్లనెరగ. నా కోసం నడిచిపెట్టిండ్రు." అతను గల్లీ వైపు చూశాడు. "వాళ్లకు ఏమియ్యాలె?"

"ఏమీ అక్కర్లేదు. వాళ్లకు తెలియని దారేదైనా మనకు తెలిస్తే గీసి కలపడమే."

భద్రయ్య మిషను తీసి, పొద్దుటి చుక్కలు తెమ్మన్నాడు. గురుద్వారాకు కాస్త ఇవతల చుక్కలు పటంలోని గీత వదిలేసి, కొంతదూరం తెల్లకాగితం మీద నడిచి, మళ్లీ గీతలో కలిశాయి.

"ఇక్కడ గీత చుట్టు తిరిగి పొమ్మన్నది. నాకేమో ముందట సందు కనవడ్డది. గోడలకు రెండు దిక్కుల సిలిండర్ రాసుకున్న గీట్లున్నయి, నాయే అయ్యుంటయి. జొచ్చిన. బయటపడ్డ."

ఉదయ్ చుక్కల వైపు చూసి, అతని వైపు చూశాడు. "మిషను చెప్పకుండానే వెళ్లారా?"

"పోయిన. కాళ్లకు ఏమన్న యాదికొచ్చిందేమో." అంతకు మించి ఆ మాట సాగదీయకుండా భద్రయ్య లోపలికి కేకేశాడు. "ఏమే, డబ్బా తే."

పుష్పమ్మ హల్వా డబ్బా కడిగి, తుడిచి, ఖాళీగా ఇవ్వకూడదని సకినాలు నింపి తెచ్చింది. భద్రయ్య దాన్ని ఉదయ్ చేతిలో పెట్టి, మిషను తాడు అతని మెడలో వేశాడు.

"పోతుపోతు ఈ డబ్బా సర్దార్‌జీకి ఇచ్చిపో తమ్మీ. నేను జొచ్చిన సందు మొగదాల ఒక ముసలామె కూసుంటది, పొద్దుగాల నాకు నీళ్లిచ్చింది. జెర నిలబడి సందు పేరేందో ఆమెనడుగు. బోర్డు గీర్డు చూడకు, ఆమె నోటికెల్లి ఏమొస్తదో గదే పేరు పటంల ఎక్కియ్యి. ఇంకో మాట, స్కూటర్ మీద పోకు. నడుసుకుంట పో."